సింగపూరులో రోజు ఖర్చు



హోసూరు, కృష్ణగిరి మొదలుకొని కోలారు, బళ్ళారి మీదుగా అటు బరంపురం వరకు మన సరిహద్దు ప్రాంతాల తెలుగు ఇళ్ళలో సింగపూరు మాట ఇప్పుడు కొత్త కాదు. కొడుకో, కూతురో, అల్లుడో అక్కడ ఉద్యోగంలో ఉంటారు. "ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళండి నాన్నా" అని పిలుస్తారు. టిక్కెట్టు కూడా వాళ్ళే పంపుతారు. చెన్నై నుంచి సుమారు నాలుగు గంటల విమాన ప్రయాణం. దిగిన తరువాత అసలు ఇబ్బంది మొదలవుతుంది. ప్రతి వస్తువు ధరనూ రూపాయల్లోకి మార్చి చూసుకోవడం, గుండె గుభేలుమనడం, "నాకు ఆకలిగా లేదురా" అని అబద్ధం చెప్పడం. పెద్దవాళ్ళు కాఫీ మానేస్తారు, బస్సెక్కడం మానేస్తారు, చివరికి ఇల్లు కదలరు. ఎదురుచూసి చేసిన ప్రయాణం నాలుగు గోడల మధ్యే అయిపోతుంది. అలా కాకుండా రోజు ఖర్చు ఎంతవుతుందో, ఎక్కడ తగ్గుతుందో, ఎక్కడ తగ్గించకూడదో ఈ రోజు లెక్క వేసుకుందాం.

మొదట డబ్బు సంగతి. సింగపూరు డాలరు వేరు, అమెరికా డాలరు వేరు. ఒక డాలరుకు నూరు సెంట్లు. 2025 చివరలో ఒక సింగపూరు డాలరు మన డబ్బులో దాదాపు 70 రూపాయలు పలికింది. ఈ రేటు మారుతూ ఉంటుంది కనుక బయలుదేరే వారంలో మళ్ళీ విచారించుకోవాలి. చిల్లరలో బ్రూనై దేశపు నోటు వస్తే కంగారు పడనక్కరలేదు. 1967లో కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు దేశాల డాలర్ల విలువ సమానం, ఆ నోటు అక్కడ చెల్లుతుంది. అయితే ఇంటికి తెచ్చుకోకుండా అక్కడే ఖర్చు పెట్టేయడం మంచిది.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి వీసా కావాలి. దాని ప్రభుత్వ రుసుము 30 డాలర్లు. ఏజెంటు తన రుసుము దానికి కలుపుతాడు. ఇదిగాక, చేరడానికి ముందు మూడు రోజుల లోపల కంప్యూటరు ద్వారా రాకపత్రం నింపాలి. దీనికి పైసా ఖర్చు లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదని గుర్తుంచుకోండి.

ఇక ఊళ్ళో తిరగడం. అక్కడి మెట్రో రైలు 1987లో మొదలైంది. విమానాశ్రయం లోపలికే రైలు వస్తుంది. తనామెరా అనే స్టేషనులో బండి మారి నగరంలోకి వెళ్ళవచ్చు. ఛార్జీ దూరాన్ని బట్టి ఉంటుంది. పెద్దవాళ్ళకు కార్డు మీద ఒకటింబావు డాలరు నుంచి రెండున్నర డాలర్ల దాకా అవుతుంది. రైలు దిగి బస్సెక్కితే, 45 నిమిషాల లోపల ఎక్కినట్లయితే, రెండూ కలిపి ఒకే ప్రయాణంగా లెక్కకడతారు. కార్డును ఎక్కేటప్పుడూ తాకించాలి, దిగేటప్పుడూ తాకించాలి. బస్సు దిగేటప్పుడు మరచిపోతే చివరి స్టాపు వరకు ఛార్జీ పడుతుంది. మనిషికొక కార్డు ఉండాలి, ఒకే కార్డు మీద ఇద్దరు వెళ్ళడం కుదరదు. 90 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు, పెద్దవాళ్ళు తోడుంటే, టిక్కెట్టు లేదు.

మన బ్యాంకు ఇచ్చిన కార్డునే అక్కడ తాకించవచ్చు గాని, వాడిన ప్రతి రోజుకూ 60 సెంట్లు అదనంగా వేస్తారు. పది రోజులుంటే 6 డాలర్లు. అందుకని ఎక్కువ రోజులుండేవారు అక్కడి ప్రయాణ కార్డు కొనుక్కోవడం మేలు. యాత్రికుల కోసం ఒకరోజు పాసు కూడా ఉంది, ధర సుమారు 17 డాలర్లు. ఒక్కో ప్రయాణానికి 2 డాలర్లు వేసుకున్నా, రోజుకు తొమ్మిదిసార్లు ఎక్కి దిగితేనే ఆ డబ్బు గిట్టుతుంది. అరవై ఏళ్ళవారు రోజుకు తొమ్మిదిసార్లు తిరుగుతారా? కొనే ముందు ఆ ప్రశ్న వేసుకోండి.

టాక్సీ మీటరు 4 డాలర్ల పైన మొదలవుతుంది. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు గంటల వరకు మీటరు మీద సగం అదనం. విమానాశ్రయంలో ఎక్కితే మరికొన్ని డాలర్లు అదనం. రైళ్ళు అర్ధరాత్రి ఆగిపోయి తెల్లవారుజామున అయిదున్నర తరువాత మొదలవుతాయి. విమానం నాలుగు గంటలకు దిగితే, గంటన్నర కూర్చోగలిగినవారు రైలుకు ఆగవచ్చు. మోకాళ్ళ నొప్పులతో, నాలుగు పెట్టెలతో ఉన్నవారు టాక్సీ ఎక్కడమే న్యాయం. అది దుబారా కాదు.

తమిళనాడు వైపు మన శ్రోతలకు ఒక సౌకర్యం ఉంది. సింగపూరులో నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి. స్టేషన్ల పేర్లు తమిళంలో కూడా రాసి ఉంటాయి. ఇంటిలో తెలుగు, బడిలో తమిళం నేర్చిన మన అమ్మలక్కలు ఇంగ్లీషు రాకపోయినా ఆ బోర్డులు చదువుకుని ధైర్యంగా తిరగవచ్చు.

ఇప్పుడు తిండి. అక్కడ హాకర్ సెంటర్లని ఉంటాయి. ఒకే కప్పు కింద పదుల సంఖ్యలో చిన్న తిండి అంగళ్ళు. 2020లో యునెస్కో ఈ సంస్కృతిని తన జాబితాలో చేర్చింది. లిటిల్ ఇండియాలోని తేక్కా సెంటరులో ఇడ్లీ, దోసె, అన్నం అన్నీ దొరుకుతాయి. మామూలు ఫలహారం 3, 4 డాలర్లు, భోజనం 5 నుంచి 8 డాలర్లలో అవుతుంది. అక్కడ రాసిన ధరే ఇవ్వవలసిన ధర. తిన్న పళ్ళెం మనమే తీసి నిర్ణీత స్థలంలో పెట్టాలి. పెట్టకపోతే మొదట హెచ్చరిస్తారు, మళ్ళీ పట్టుబడితే జరిమానా.

కాఫీని కోపీ అంటారు. ఊరికే కోపీ అంటే తియ్యటి చిక్కని డబ్బాపాలు పోసి ఇస్తారు. కోపీ ఓ అంటే పాలు లేకుండా చక్కెరతో. కొసోంగ్ అనే మాట చేరిస్తే చక్కెర వెయ్యరు. చక్కెర వ్యాధి ఉన్నవారు కోపీ ఓ కొసోంగ్ అని అడగడం నేర్చుకుంటే చాలు.

పెద్ద హోటళ్ళ లెక్క వేరు. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే, దానికి 10 శాతం సేవా రుసుము, ఆ మొత్తం మీద 9 శాతం పన్ను కలుస్తాయి. 20 డాలర్ల భోజనం మొదట 22 అవుతుంది, పన్నుతో 23 డాలర్ల 98 సెంట్లు అవుతుంది. కొన్ని చైనా హోటళ్ళలో అడగకుండానే బల్లమీద పెట్టిన వేరుసెనగలకూ, తడి రుమాలుకూ కూడా బిల్లు వేస్తారు. వద్దనుకుంటే ముందే వెనక్కి ఇచ్చేయవచ్చు. మంచినీళ్ళు మాత్రం కొననక్కరలేదు. కుళాయి నీళ్ళు నేరుగా తాగవచ్చు. సీసా వెంట ఉంచుకోండి.

చూడవలసిన వాటిలో చాలావాటికి టిక్కెట్టు లేదు. 1859 నాటి వృక్ష ఉద్యానవనం, మెరీనా తీరం, సింహపు తల విగ్రహం, గార్డెన్స్ బై ద బే లోని ఆరుబయలు తోట, రాత్రి అక్కడ ఇనుప వృక్షాల మీద జరిగే దీపాల ప్రదర్శన అన్నీ ఉచితమే. 1827లో వెలసిన మారియమ్మ గుడి, 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉండనే ఉన్నాయి. 1975 నుంచి అక్కడ తెలుగు సమాజం కూడా ఉంది.

సామాను విషయంలో ఒక హెచ్చరిక. మసాలా కోసం గసగసాలు కట్టుకోకండి. అక్కడ అవి నిషిద్ధం. గుట్కా, ఖైనీ, చూయింగ్ గమ్ కూడా అంతే. రోజూ వేసుకునే మందులకు డాక్టరు చీటీ వెంట ఉండాలి.

ఇక తగ్గించకూడని ఖర్చు ఒకటి ఉంది. అది ప్రయాణ బీమా. పరాయి దేశస్థులకు అక్కడి ప్రభుత్వాసుపత్రిలో కూడా రాయితీ లేదు. అత్యవసర విభాగంలో చూపించుకుంటేనే నూరు డాలర్లు దాటుతుంది, చేర్చుకుంటే వేలల్లోకి పోతుంది. బి.పి., చక్కెర, గుండె జబ్బు ఉన్నవారు వాటిని దాచకుండా బీమా ఫారంలో రాయాలి. దాచితే సమయానికి ఆ కాగితం పనికిరాకుండా పోవచ్చు.

పిల్లల ఇంట్లో బస అనుకుని ఇప్పుడు మొత్తం లెక్క చూద్దాం. ఫలహారం 4, మధ్యాహ్న భోజనం 7, రాత్రికి 6, రెండు కాఫీలు 3, మూడు ప్రయాణాలు 6. మొత్తం 26 డాలర్లు. డెబ్భైతో హెచ్చిస్తే 1,820 రూపాయలు. ఇద్దరికి 3,640. రెండు పూటలు ఇంట్లో వండుకుంటే ఇది ఇంకా తగ్గుతుంది. హోటలులో దిగేవారికి మాత్రం గది అద్దె ఈ ఖర్చంతటినీ మించుతుంది.

ఈ హెచ్చవేత బయలుదేరక ముందు ఇంట్లో కూర్చుని ఒక్కసారి చెయ్యండి. పది రోజులకు ఎంతో చూసుకుని, అంత డబ్బు విడిగా పెట్టుకోండి. అక్కడికి వెళ్ళాక ఇక డెబ్భైతో హెచ్చించడం మానేయండి. ప్రతి కాఫీనీ నూరు రూపాయలుగా చూస్తే అది గొంతు దిగదు. పిల్లలకు కూడా ఒక మాట. అమ్మానాన్నలు ధర అడిగితే విసుక్కోకండి, దాచకండి. "ఈ రోజుకు ఇంత అనుకున్నాం, ఇంకా ఇంత మిగిలింది" అని చెప్పండి. మిగిలిందని తెలిస్తే వాళ్ళే రెండో కాఫీ అడుగుతారు. లెక్క తెలిసినవాడికి భయం ఉండదు. భయం లేనివాడే ఊరు చూడగలడు.