పచ్చని కప్పు: మట్టి మిద్దె మొదలు ఆనపపాదు వరకు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



కూడు, గుడ్డ, గూడు అని మానవుని ప్రథమావసరములను పెద్దలు మూడుగా లెక్కించిరి. కూటిని గూర్చిన చింత పూటపూటకు కలుగును. గుడ్డను గూర్చిన చింత పండుగ పండుగకు కలుగును. గూటిని గూర్చి మాత్రము జన్మమున ఒకటి రెండు మారులే ఆలోచన పుట్టును. ఆ గూటిలోనైనను గోడలకు, గుమ్మములకు దక్కు ఆదరము కప్పునకు దక్కదు. కప్పు కారినప్పుడో, కాగినప్పుడో గాని అది ఉన్నదన్న సంగతి ఇంటివారికి జ్ఞప్తికి రాదు.

యానాము పరిసరములందు తాటాకు ఇండ్లు నానాటికి తగ్గి, వాని స్థానమున సిమెంటు శ్లాబులును రేకుల ఇండ్లును వెలసినవి. తాటాకునకు నిప్పు భయము కలదు. రెండు మూడేండ్లకొకమారు మరల నేయించు ఖర్చును కలదు. కావున ఈ మార్పు సహజమే. కాని వైశాఖ జ్యేష్ఠ మాసములలో పగలెల్ల ఎండను త్రాగిన శ్లాబు ఆ వేడిని రాత్రి రెండు జాముల వరకు ఇంటిలోనికి దింపుచుండును. రేకుల క్రింది సంగతి చెప్పనక్కరలేదు. పసిపిల్లలు, బాలింతలు, వృద్ధులు నిద్రకు నోచుకొనక వీధి అరుగులపై రాత్రులు గడుపుచున్నారు. ఇంటి కప్పుపై మట్టి పరచి పచ్చిక పెంచినచో చల్లగా ఉండును గదా యను ప్రశ్న ఇందుకే పుట్టుచున్నది. ప్రశ్న మంచిది. దాని జమాఖర్చులు చూచుట నేటి ఉపన్యాసమునకు విషయము.

పచ్చిక కప్పులు పుట్టినది శీతల దేశములలో. ఐస్లాండు ద్వీపమున కలప అరుదు. అచ్చటివారు రాతి పునాదిపై పచ్చిక గడ్డలను పేర్చి గోడలు కట్టి, కప్పునుకూడ పచ్చికతోనే మూసి వెయ్యేండ్లు కాపురములు చేసిరి. నార్వే దేశస్థులు కప్పు పలకలపై భూర్జ జాతి చెట్ల పట్టను పొరలు పొరలుగా పరచి, దానిపై పచ్చిక గడ్డలను అమర్చిరి. ఇందొక రహస్యము కలదు. వాననీటిని ఆపునది పచ్చిక కాదు, పట్ట. పట్ట ఎగిరిపోకుండ అదిమిపెట్టుటకును, చలిని ఆపుటకును మాత్రమే పచ్చిక. అమెరికాలో 1862 నాటి భూవితరణ శాసనము పిమ్మట చెట్లులేని మైదానములకు వలస పోయినవారు కూడ పచ్చిక గడ్డలను ఇటుకలవలె కోసి ఇండ్లు కట్టుకొనిరి. వారికి అట్టి పట్ట దొరకలేదు. అందుచేత వాన వెలిసిన తరువాత కూడ ఇంటిలో చినుకులు రాలుచుండెడివి. కప్పునుండి పురుగులు, ఒక్కొక్కప్పుడు పాములు పడకుండ లోపల బట్టను కట్టుకొనెడివారు. ఒకే పచ్చిక, ఒకచోట సుఖము, ఒకచోట కష్టము. భేదమంతయు క్రింది పొరలో ఉన్నది.

మన వాఙ్మయమున గృహనిర్మాణమునకు పరిచితమైన ఉదాహరణము పంచవటిలోని పర్ణశాల. వాల్మీకి మహర్షి అరణ్యకాండమున లక్ష్మణుని పనితనమును వరుస తప్పక వర్ణించినాడు. గట్టిపరచిన మట్టి, మంచి స్తంభములు, పొడవైన వెదుళ్ళు, వానిపై జమ్మి కొమ్మలు, గట్టి త్రాళ్ళ కట్టు, ఆపైన దర్భ, రెల్లు మొదలగు తృణములును ఆకులును. తాపీవాడు గాని, వడ్రంగి గాని తప్పుపట్టలేని క్రమమిది. గమనింపవలసిన దేమనగా, ఆ తృణములు ఎండినవి. ఎండుగడ్డి వాలుగా పరచినచో నీటిని జార్చివేయును. పచ్చిగడ్డి నీటిని పట్టి నిలుపును. ఒకటి గొడుగు, రెండవది కుండ. చలిదేశమున కుండను నెత్తిన పెట్టుకొన్నను చెల్లినది. వర్షదేశమున మన పూర్వులు గొడుగునే వరించిరి. ఉత్తరాంధ్ర తీరమున బెస్తవారు కట్టుకొను చుట్టిండ్లు ఇందుకు తార్కాణము. గుండ్రని మట్టిగోడ, నిటారైన వాలు, నేలకు చేరువగా వంగిన చూరు ఉండుటచే వానకు నిలుపు లేదు, గాలికి పట్టు దొరకదు.

తెలుగునాట మట్టిని నెత్తిపై మోసిన ఇండ్లు లేవా అనిన, ఉన్నవి. రాయలసీమలోని మట్టి మిద్దెలు అట్టివి. మందమైన గోడలపై దూలములు, వానిపై దంతెలు, ఆపైన పుల్లలు లేక బండలు, వానిపై మట్టి, అన్నిటికి మీద చౌడుమన్ను. పంటకు శత్రువైన చౌడు ఇంటికి మిత్రమైనది. అందలి సోడియము లవణముల గుణముచే, నీరు తగిలినంతనే బంకమట్టి కణములు విడివడి సన్నని రంధ్రములను మూసివేయును. పై పొర తడిసినను క్రిందికి నీరు దిగదు. నార్వేలో చెట్టు పట్ట చేసిన పనిని సీమలో చౌడు చేసినదన్నమాట. ఏటేట వానలకు ముందు క్రొత్త చౌడు పోసి అణగదొక్కుదురు. గడ్డి మొలచినచో పెరికివేయుదురు. ఏలయన వేరు దిగిన దారినే నీరును దిగును. ఆ మిద్దెలు ఎండలో చల్లగా ఉండునన్నది అందరెరిగినదే. అయితే ముసురు పట్టి రోజుల తరబడి వదలనప్పుడు మట్టి నాని, బరువెక్కి, పాత దూలములు విరిగి, నిద్రించువారిపై కూలిన దుర్ఘటనలును కలవు. అనంతపురపు వార్షిక వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. గోదావరి డెల్టాలో అంతకు రెట్టింపు కురియును. అక్కడ చెల్లినది ఇక్కడ చెల్లునా?

ఇక లెక్కలోనికి వత్తము. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల ఇంటికి 600 చదరపు అడుగుల కప్పు ఉండును. దానిపై అరడుగు మందమున మట్టి పరచినచో 300 ఘనపుటడుగులు. తడిసిన మట్టి ఘనపుటడుగు సుమారు 50 కిలోలు తూగును. మొత్తము 15,000 కిలోలు, అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు 200. ఇన్ని బస్తాలను ఇంటి నెత్తిన ఏడాది పొడుగున నిలువచేయుటకు ఎవరైన సాహసింతురా? జనులు ఎక్కి తిరుగు డాబాకు ఇంజనీర్లు సాధారణముగా లెక్కించు అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు; ఈ మట్టి మోపునది సుమారు 270. ముందుగా లెక్కించి కట్టిన కప్పునకు తప్ప ఇది తగదు.

రెండవది నీరు. ఎండకాలమున పచ్చిక బ్రతుకవలెనన్నచో ఈ కప్పునకు దినమునకు సుమారు 250 లీటర్లు కావలెను. అది 16 బిందెల మాట. డెల్టా కాలువలు కట్టివేయు దినములు, గౌతమిలోనికి సముద్రపు పోటున ఉప్పునీరు ఎగదన్ను దినములు, ఆడువారు మంచినీటికొరకు బిందెలతో బారులు తీరు దినములును అవియే. దాహమునకు చాలని నీటిని కప్పునకు పోయుట ధర్మము కాదు. పైగా ఒక లీటరు నీరు ఆవిరియగునప్పుడు దాదాపు 580 కిలో కేలరీల వేడిని తనతో కొనిపోవునన్నది శాస్త్రము. కాని తీరప్రాంతపు గాలి అసలే తేమతో నిండియుండుటచే ఆ ఆవిరి పొడిసీమలో వలె త్వరగా లేవదు. ఇచ్చట తడికంటె నీడయే ఎక్కువ మేలు చేయును.

మూడవది గాలివాన. 1839 నవంబరులో కోరంగి రేవును ఉప్పెన ముంచినది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కాకినాడకు దక్షిణమున తీరము దాటి, యానాము ప్రాంతమును, కోనసీమను కకావికలు చేసి కొబ్బరితోటలను నేలకూల్చినది. బరువైన కప్పును గాలి లేపలేదన్న మాట నిజమే. కాని ఆ గాలితోబాటు వచ్చు కుంభవృష్టికి మట్టి పూర్తిగా నాని, సరిగా ఆ గడియకే మిక్కిలి బరువెక్కును. అదే సమయమున వరదకు మట్టిగోడల అడుగు కరగును. పైన బరువు పెరిగి క్రింద బలము తరుగుటకంటె ప్రమాదము వేరొకటి లేదు.

నాల్గవది ఉప్పుగాలి. సముద్రపు చేరువ శ్లాబులలోని ఇనుము త్వరగా త్రుప్పుపట్టి ఉబ్బి, సిమెంటును పెచ్చులుగా రాల్చును. నిత్యము తడి నిలుచు కప్పున ఈ తెగులు ఇబ్బడియగును. పగుళ్ళలో పక్షులు వేసిన రావి గింజ ఒక్కటి మొలచినను గోడ చీలుట ఎల్లరు చూచినదే.

తడి ఇంటికెంత శత్రువో ఎరుగదలచినవారు ఆముక్తమాల్యదలోని వర్షర్తు వర్ణనము చదువవలెను. నిప్పు దొరకక, దొరికినను రాజుకొనక, వంటయింట గృహిణి పడిన పాట్లను శ్రీకృష్ణదేవరాయలు చక్రవర్తియయ్యు పేదయింటి కంటితో చూచినాడు.

ఇట్లు ఖర్చు పద్దులు పెక్కు కనబడినంత మాత్రమున పచ్చని కప్పు మనకు పనికిరాదని తీర్పు చెప్పరాదు. జమ పద్దు మన పెరటిలోనే ఉన్నది. గోదావరి సీమలో తాటాకు ఇంటి ప్రక్కన ఒక ఆనపపాదో, గుమ్మడిపాదో పెట్టి, చూరుకు త్రాడు కట్టి, తీగను కప్పుపైకి ప్రాకించుట తరతరముల ఆచారము. ఇదియే మన పచ్చని కప్పు. వేరు నేలలో, నీడ కప్పుపై, కాయ కూరలో. మట్టి బరువు లేదు. కప్పులో వేరు దిగదు. పాత్రలు కడిగిన నీటితో పాదు బ్రతుకును. తుపాను వచ్చినచో తీగ తెగి పోవునే గాని ఇల్లు కూలదు. మాఘమాసమున బీర, పొట్ల విత్తినచో చైత్రమునకు ఆకు కమ్ముకొనును. శ్లాబుపైనను, రేకుపైనను వెదుళ్ళతో రెండడుగుల ఎత్తున పందిరి వేసి తీగలను దానిపై అల్లించినచో ఆకులకును కప్పునకును నడుమ గాలి ఆడి ఎండ పొడ తగ్గును. రేకుపై తీగను నేరుగా పరచినచో మాడును గనుక పందిరి తప్పనిసరి. గాలివాన హెచ్చరిక వచ్చినంతనే వెదుళ్ళను విప్పి దింపుకొనవలెను.

శక్తిగలవారు శ్లాబుపైన తోటయే పెంచదలచినచో దానికిని మార్గము కలదు. జర్మనీ దేశమున 1970 దశకము నుండి పల్చని పొరలతో పచ్చని కప్పులు వ్యాపించినవి. టొరాంటో నగరము 2009లో పెద్ద కట్టడములకు వానిని నిర్బంధము చేసినది. తెలుగునాట కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు హైదరాబాదులో తమ యింటిపై కూరలు, పండ్లు పండించి "మిద్దెతోట" అను మాటను ఇంటింటికి చేర్చిరి. ఈ మార్గమున పాటింపవలసిన నియమములు నాలుగు. కప్పునంతటిని మట్టితో మూయక తొట్లలో పెంచవలెను. బరువైన తొట్లను గోడలు, దూలములు ఉన్న వరుసలపైననే ఉంచవలెను. తొట్ల అడుగున ఇటుకలు పెట్టి నీరు పారు దారి విడువవలెను. మట్టిలో పాలు తగ్గించి, కోనసీమలో కొల్లగా దొరకు కొబ్బరిపొట్టును ఉప్పు పోవునట్లు కడిగి, చివికించి కలుపవలెను. బరువు తగ్గి తేమ నిలుచును. పని ఆరంభించుటకు ముందు తెలిసిన ఇంజనీరుచే కప్పును చూపించుట మరువరాదు.

ఏదియు చేయజాలనివారికి సున్నమున్నది. వేసవికి ముందు శ్లాబుపై తెల్లని పూత పూసినచో ఎండలో కొంత వెనుకకు మరలును. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానమునకు ఆధారము ఈ సూత్రమే.

గ్రంథాలయమునకును ఇదే న్యాయము. తడి మనుష్యునికి జబ్బు తెచ్చును. పుస్తకమునకు చావు తెచ్చును. తాళపత్రములు మొదలు నేటి అచ్చుపుస్తకముల వరకు తీరదేశమున నశించినవానిలో చెదలు తిన్నది ఎంతయో, చెమ్మ తిన్నదియు అంతయే. కావున పుస్తకముల బీరువాలపై మట్టి మోపు తలంపు వలదు. పడమటి గోడ ప్రక్కన నాలుగు పాదులు, చదువరుల వసారాపై ఒక పందిరి చాలును. ఈ రజతోత్సవ వత్సరమున యువకులు ఆ పని చేసి, రానున్న వేసవిలో పందిరి క్రిందను, పందిరి లేనిచోటను ఉష్ణమాపకముతో దినదినము కొలిచి ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, ఆ లెక్క గ్రామములోని ప్రతి రేకుల ఇంటికిని పనికివచ్చును. పరదేశపు పచ్చికను చూచి మురియుట కాదు, పెరటి పాదు విలువను కొలిచి తెలిసికొనుట విజ్ఞానము. గ్రంథాలయములు వెలసినది అందుకే.

స్వస్తి.