బృందగానములో ప్రతి బాలునికి చోటున్నది



ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చదువు బాలబాలికలు నేడు పాఠశాలలయందు, దేవాలయములయందు బృందములుగా కూడి కీర్తనలు పాడుచున్నారు. ఇది శుభము. అయితే బృందమునకు శాస్త్రము చెప్పిన ధర్మమేదో పెద్దలమైన మనము తెలిసికొనవలెను. నేడు ఆ ఒక్క విషయమునే విన్నవించెదను.

13వ శతాబ్దములో దేవగిరి యాదవరాజైన సింఘణుని ఆశ్రయమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. దానికి సంగీతసుధాకరమను వ్యాఖ్య వ్రాసిన సింగభూపాలుడు మన తెలంగాణమునందలి రాచకొండ ప్రభువు. ఆ గ్రంథములోని ప్రకీర్ణకాధ్యాయమున ఉత్తమబృందము ఇట్లు చెప్పబడినది: ముఖ్యగాయకులు 4, వారితో కలసి పాడువారు 8, గాయనులు 12, వేణువాదకులు 4, మృదంగవాదకులు 4. మొత్తము 32 మంది. ఒక తరగతి గదిలో కూర్చుండు పిల్లలు ఇంచుమించు అంతమందియే కదా!

బృందమునకు గుణములు ఆరు. ముఖ్యగాయకుని అనుసరించుట, కంఠములు ఒకదానితో ఒకటి కలియుట, తాళమును విడువకుండుట, ఒకరికి తెగిన చోట మరియొకరు అందుకొని నిర్వహించుట, మూడు స్థాయిలను వ్యాపించు శక్తి, ధ్వనిలో సాదృశ్యము. వీనిలో నాల్గవదానిని గమనింపుడు. తెగుట సహజమని శాస్త్రకారుడు ముందే అంగీకరించినాడు. తెగినవానిని వెలివేయుమనలేదు, ప్రక్కవానిని అందుకొనుమన్నాడు.

వేదపారాయణములోనూ ఇదియే పద్ధతి. పదిమంది కూర్చుండి పనస చెప్పుచున్నప్పుడు ఒకరు ఊపిరి తీసికొనినను మంత్రము ఆగదు. తక్కినవారి కంఠములు దానిని మోయుచుండును.

ఇక మన పిల్లల మాట. పన్నెండు మొదలు పదునాలుగేండ్ల ప్రాయములో మగపిల్లల స్వరపేటిక పెరుగును, స్వరతంతువులు పొడవై దళసరియగును. వీణపై దళసరి తీగ మంద్రముగా పలికినట్లే కంఠము సుమారొక స్థాయి క్రిందికి దిగును. దిగులోపల బొంగురుపోవును, నడుమ జారును. అప్పుడు తోటివారు నవ్వుదురు. పోటీలో బహుమతి పోవునని పెద్దలు “నీవు పెదవులు మాత్రము కదుపు” మందురు. ఆ ఒక్క మాటతో ఆ బాలుడు జీవితాంతము భగవంతుని యెదుట నోరు విప్పకపోవచ్చును. బహుమతి యెంత, ఈ నష్టమెంత!

“అపస్వరము దైవసన్నిధిలో అపచారము కాదా?” అని యడుగవచ్చును. స్వరశుద్ధి ఉండవలసినదే. శీక్షావల్లి ఉచ్చారణశిక్షను చెప్పునప్పుడు వర్ణము వెంటనే స్వరమును పేర్కొన్నది. కాని శుద్ధి శిక్షణచేత కలుగును గాని బహిష్కారముచేత కలుగదు. అట్టి బాలునిచేత తారషడ్జమును బలవంతముగా పట్టింపరాదు. క్రింది స్థాయిలో, తనకు అందిన స్వరములలో పాడనీయవలెను. కొన్నాళ్లు తాళమో మృదంగమో అప్పగింపవలెను. తాళము వేయువాడు కూడ బృందములోనివాడే.

కీర్తనల యెంపికయు ముఖ్యమే. త్యాగరాజస్వామివారి (1767–1847) దివ్యనామ, ఉత్సవసంప్రదాయ కీర్తనలు పలువురు కూడి పాడుటకు అనువైనవి. ముత్తుస్వామి దీక్షితులవారు ఆంగ్లేయుల బ్యాండు మెట్లకు శంకరాభరణములో సంస్కృత సాహిత్యము కూర్చిన నోటుస్వరములు గమకభారము లేనివి, పిల్లలకు సులభములు. పెద్ద కృతులకు తొందరపడ నక్కరలేదు.

కనుక తల్లిదండ్రులకు, గురువులకు నా విన్నపము: మంచి కంఠములను ఏరి బృందము కట్టకుడు. వచ్చినవారినందరిని కూర్చుండబెట్టుడు. ప్రక్కవాని గొంతు జారినప్పుడు నవ్వక అందుకొనుట నేర్చిన పిల్లవాడు రేపు సంసారములో, సంఘములో తోటివాడు జారినప్పుడును అందుకొనును. బృందగానము నేర్పు గొప్ప పాఠమిది.

స్వస్తి.