ఉప్పుగాలిలో ఇనుప పైపు: మా షెడ్డులో జరిగిన సంగతి

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామైక్య సంఘం లీడరు చేసిన ప్రసంగం)

పొదుపుల గురించి, రికవరీ గురించి నా ముందు మాట్లాడిన లీడర్లు బాగా చెప్పారు. నేను కరెంటు పైపుల గురించి చెప్పాలని పేరిచ్చాను. నవ్వకండి. నేను పదో తరగతి వరకే చదివాను, కరెంటు పని నాకు రాదు. కానీ తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టింది నేను. అందుకే చెప్పాల్సింది కూడా నేనే.

మా ఊరు సముద్రం ఒడ్డునే. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక మేము ఎండు చేపల షెడ్డు కట్టుకున్నాం. నెత్తళ్ళు, రొయ్యలు కడిగి, ఎండబెట్టి, ప్యాకెట్లు కడతాం. లోపల ఒక ఫ్రీజరు, ప్యాకెట్లు అతికించే మిషను, నీళ్ళ మోటారు ఉన్నాయి. వైరింగు చేసేటప్పుడు మేస్త్రి ప్లాస్టిక్ పైపుకి ఒక రేటు, ఇనుప పైపుకి ఒక రేటు చెప్పాడు. ఇనుప పైపు ఖరీదు ఎక్కువ. అయినా నేనే ఇనుపదే పెట్టమన్నాను. ట్రేలు తగిలినా పగలదు, ఎలకలు కొరకవు, ఒకసారి పెడితే మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు అనుకున్నాను. తళతళా మెరుస్తుంటే జింకు పూత ఉంది కదా, తుప్పు పట్టదులే అనుకున్నాం.

కొన్నేళ్ళకి అక్కడక్కడా ఎర్రగా కనపడింది. ఆఫీసర్లు షెడ్డు చూడ్డానికి వస్తున్నారంటే ముందు రోజు దాని మీద సిల్వర్ పెయింట్ కొట్టించాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పైన పెయింటు, లోపల తుప్పు. మేమే దాన్ని దాచిపెట్టాం.

ఒక రోజు పొద్దున్న మా సంఘంలో ఒక అక్క చేపలు కడిగిన తడి చేత్తో ఫ్రీజరు తలుపు పట్టుకుంది. కరెంటు కొట్టింది. వెనక్కి విసిరినట్టు పడింది. కాళ్ళకి రబ్బరు చెప్పులుండబట్టి, పడేటప్పుడు చెయ్యి ఊడి రాబట్టి బతికింది. భుజం మాత్రం చాలా రోజులు నొప్పి పెట్టింది. ఆమెకి ఇద్దరు ఆడపిల్లలు. నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు.

అందరం ఫ్రీజరునే తిట్టాం. మెకానిక్ వచ్చి విప్పి చూసి, మిషనులో తప్పేమీ లేదన్నాడు. తర్వాత పట్నం నుంచి వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాం. అతను ఫ్రీజరు వైపు చూడనే లేదు. గోడ మీద పైపు వెంటే చెయ్యి పోనిస్తూ వెళ్ళి, రెండు పైపులు కలిసే కప్లింగు దగ్గర ఆగి, మెయిన్ ఆపించి, స్క్రూడ్రైవరుతో ఒక్క పోటు పొడిచాడు. అది అప్పడంలా విరిగింది.

అతను చెప్పింది నాకు అర్థమైనంత చెబుతాను. మా పాత మేస్త్రి ఎర్తు కోసం వేరే వైరు లాగలేదు. ఇనుప పైపునే ఎర్తుగా వాడుకున్నాడు. పైపు అంతా ఒకటిగా కలిసి ఉన్నన్నాళ్ళూ అది పని చేస్తుంది. కానీ పైపు కొసన మర కోసినప్పుడు అక్కడ జింకు పూత పోతుంది. ఉప్పుగాలి ముందు పట్టుకునేది ఆ మరనే. కప్లింగు తుప్పు పట్టి తెగిపోతే ఎర్తు అక్కడితో ఆగిపోయింది. ఇటు లోపల తుప్పు పెచ్చులు లేచి వైరు తొడుగుని కోసేశాయి. వైరులో కరెంటు పైపులోకి వచ్చింది, పైపు నుంచి ఫ్రీజరు ప్లగ్గులో పెద్ద పిన్ను ద్వారా ఫ్రీజరు రేకులోకి వచ్చింది. భూమిలోకి పోయే దారి లేదు కాబట్టి ఫ్యూజు కూడా పోలేదు. దారి కోసం ఎదురు చూస్తూ కూర్చుంది. ఆ దారి మా అక్క అయింది.

ఇంకో మాట చెప్పాడు. వానకి తడిసే చోట కంటే చూరు కింద, క్లాంపుకీ గోడకీ మధ్య తుప్పు ఎక్కువ ఉంది. మేం ఆశ్చర్యపోయాం. వాన పడితే ఉప్పు కడుక్కుపోతుంది, చూరు కింద పేరుకుపోతుందట. ఉప్పు గాలిలో తేమని లాక్కుని ఎప్పుడూ చెమ్మగా ఉంచుతుంది. వానాకాలంలో మన ఉప్పు డబ్బా ఎలా నీరు కారుతుందో మీ అందరికీ తెలుసు. సముద్రపు ఇసకతో గోడ పూత పూయించిన ఇళ్ళల్లో, పూత లోపల దాచిన ఇనుప పైపు సంగతి కూడా ఇంతే. పైకి కనపడదు గనక ఇంకా ప్రమాదం.

ఒక చెల్లి అడిగింది, ఎర్తు గొయ్యిలో మనమే ఉప్పూ బొగ్గూ పోస్తాం కదా, మరి ఉప్పు చెడ్డదెలా అయింది అని. మంచి ప్రశ్న. గొయ్యిలో ఉప్పు మట్టిని తడిగా ఉంచి కరెంటుని తేలిగ్గా భూమిలోకి పోనిస్తుంది. కానీ అదే ఉప్పు గొయ్యిలో ఉన్న ఇనుప పైపుని కూడా తింటుంది. మాది తవ్వి చూస్తే సన్నబడి ఉంది. అదీ మార్చాం.

ఇప్పుడు మా షెడ్డులో వైర్లన్నీ మందంగా ఉన్న ఐఎస్ఐ ప్లాస్టిక్ పైపులో ఉన్నాయి. దీనికి తుప్పు లేదు. అలాగని దీనికి జబ్బులు లేవని కాదు, ఎండలో ఉంటే పెళుసెక్కి పగులుతుంది. అందుకని ఎండ పడే వైపు నుంచి తీసి లోపలి గోడకి మార్చాం, ట్రేలు తగిలే ఎత్తు వరకు సిమెంటు కట్టాం. మోటారు దగ్గర మాత్రం దెబ్బలు తగులుతాయని ఇనుప పైపే ఉంచాల్సి వచ్చింది. అది కరిగించిన జింకులో ముంచి తీసిన రకం. పైపైన పల్చగా పూత పూసిన దాని కంటే ఇది చాలా కాలం ఆగుతుంది. కోసిన కొసలకి జింకు పెయింటు వేయించాం, గోడకి అంటకుండా ఎడం ఉంచి బిగించాం, వంపులో నీరు నిలవకుండా కింద చిన్న కన్నం పెట్టించాం. స్టెయిన్‌లెస్ స్టీలు ఇంకా మంచిదన్నారు గానీ ఆ రేటు విని మేం లేచి నిలబడ్డాం. అల్యూమినియం పైపు చవక అని ఎవరైనా చెప్తే సిమెంటులో మాత్రం పూడ్చనివ్వకండి, సిమెంటు దాన్ని తినేస్తుంది, ఉప్పు కూడా ఉంటే ఇంకా తొందరగా.

ఏ పైపు అయినా సరే, లోపల పచ్చ ఎర్తు వైరు విడిగా ఉండాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. కరెంటు పక్కదారి పడితే అది వెంటనే పడిపోతుంది. దానికి టెస్టు బటన్ ఉంటుంది. ప్రతి నెలా మొదటి మీటింగు రోజు పుస్తకాలు తెరవక ముందే ఒకరు వెళ్ళి నొక్కి వస్తాం. పడిపోతే సరే, లేకపోతే ఆ రోజు షెడ్డులో పని లేదు.

ఏపీఎం గారికి ఒక్క విన్నపం. ఈ ఏడాది తీర గ్రామాల సంఘాలు ఫ్రీజర్లకీ, ఐసు పెట్టెలకీ అప్పులు రాస్తున్నాయి. సూక్ష్మ రుణ ప్రణాళికలో మిషను ధర రాస్తున్నాం గానీ వైరింగు, ఎర్తు ఖర్చు రాయట్లేదు. మేమూ రాయలేదు. ఆ గడి కూడా నింపకుండా ఫారం తీసుకోవద్దని వీవోఏలకి చెప్పండి. వాయిదా కొంచెం పెరుగుతుంది. మా సంఘంలో అందరూ దానికి ఒప్పుకున్నారు, మొదట ఒప్పుకున్నది ఆ అక్కే.

విరిగిన కప్లింగు గుడ్డలో కట్టి తెచ్చాను. ముందు వరస నుంచి వెనక్కి పంపుతున్నాను, చేతికి గుచ్చుకుంటుంది, జాగ్రత్తగా పట్టుకోండి. భోజనాల లోపు నాకు తిరిగివ్వండి, సాయంత్రం పక్క ఊరి సంఘం వాళ్ళ మేస్త్రికి చూపించాలి.