స్వగృహమున అతిథి



దూరదేశమున పరులసేవకు జీవితము ధారపోసినవారి చరిత్రలు చదువుటకు ఇంపుగా నుండును. వారు కట్టిన ఆసుపత్రులు, మాన్పిన రోగములు అందు వర్ణింపబడును. కాని అట్టివారు నడుమ నడుమ ఇంటికి వచ్చినపుడు ఏమి జరిగినది? గుమ్మమున ఎదురుచూచినవారెవరు? ఈ ప్రశ్న వేయువారు తక్కువ. 1883లో అమెరికానుండి గుంటూరునకు వైద్యసేవకై వచ్చి, 1930లో ఆ పట్టణముననే కన్నుమూసిన డాక్టరు అన్నా కుగ్లరుగారికిని సముద్రముల కావల ఒక పుట్టినిల్లు ఉండెను. తెలుగుదేశమునకు లాభమైనది ఆ యింటికి లోటు. నేటి ప్రసంగము అట్టి మరియొక యింటిని గూర్చినది. అది ఆల్బర్టు ష్వైట్జరుగారి యిల్లు.

ష్వైట్జరు 1875 జనవరి 14వ తేదీన ఆల్సేసు సీమలో జన్మించెను. ఆ సీమ నాడు జర్మనీ యేలుబడిలో నుండి, మొదటి ప్రపంచయుద్ధానంతరము ఫ్రాన్సు వశమయ్యెను. తండ్రి గున్స్‌బాక్ అను పల్లెలో క్రైస్తవ మతాచార్యుడు. కుమారుడు ముప్పదియేండ్లు నిండునప్పటికే తత్త్వశాస్త్రమునను, మతశాస్త్రమునను, ఆర్గను వాద్యమునను పేరొందెను. అంతటితో తృప్తిపడక, మరల విద్యార్థియై వైద్యము నేర్చి, దాదివృత్తి నేర్చిన భార్య హెలెనెతో గూడ 1913లో ఆఫ్రికాలోని లాంబరేనెకు పోయెను. ఒగొవె నదీతీరమందలి ఆ ఊరు నేడు గాబన్ దేశములోనిది; నాడు ఫ్రెంచివారి యేలుబడిలోనిది.

ఆయన మొదటిసారి ఇంటికి వచ్చినది సెలవుపై కాదు. 1914లో యుద్ధము రాగా, జర్మను ప్రజ యగుటచే భార్యాభర్తలను ఫ్రెంచివారు నిర్బంధములో నుంచి, 1917లో బందీలనుగా ఫ్రాన్సునకు తరలించిరి. 1918లో విడుదలయై స్వగ్రామము చేరునప్పటికి ఎదురువచ్చుటకు తల్లి లేదు. 1916లో బాటపై సైనికుల గుఱ్ఱములు త్రొక్కగా ఆమె మరణించెను. వేలకొలది రోగులకు మందిచ్చిన కుమారుడు కన్నతల్లి కడపటి ఘడియలో చెంతలేకపోయెను.

1919లో, తండ్రి జన్మదినమగు జనవరి 14వ తేదీననే, రేనా అను కుమార్తె పుట్టెను. హెలెనెకు క్షయరోగము సోకియుండెను. 1924లో భర్త తిరిగి లాంబరేనెకు పోవునపుడు ఆమె వెంట పోలేక అయిదేండ్ల బిడ్డతో ఐరోపాలోనే నిలిచిపోయెను. అచట ఆయనకు పాత ఆసుపత్రి కప్పులు కూలి కానవచ్చెను. దానిని బాగుచేసి, పిదప నదికి ఎగువన క్రొత్తచోట మరల కట్టవలసివచ్చెను. ఆ పనిలో నుండగనే 1925లో తండ్రియు గతించెను.

మూడేండ్లకు పైగా గడచినపిమ్మట 1927లో ఆయన ఇంటికి వచ్చెను. విశ్రాంతికి వచ్చెనని లోకము తలచియుండును. కాని ఆ రెండేండ్లలో ఇంట నున్న దినములు కొలదియే. స్వీడను, డెన్మార్కు, హాలెండు, ఇంగ్లండు, జర్మనీ మున్నగు దేశములు తిరిగి ఉపన్యాసములిచ్చుచు, ఆర్గను వాయించుచు ధనము కూర్చెను. మందులకు, కట్టుగుడ్డలకు, రోగుల తిండికి, కప్పురేకులకు వేరొక ఆధారము లేదు. పారిస్ నగరమందలి బాక్ సంఘమువారు తేమకు చెడకుండ జింకు తాపడము చేయించి, కాళ్ళతో నొక్కు మీటలు అమర్చి ఆయనకొక పియానో నిచ్చియుండిరి. పగలంతయు వైద్యముచేసి రాత్రులందు అడవిలో దానిపై చేసిన సాధనయే ఐరోపా సభలలో మందుల పైకముగా మారెను. 1928లో ఫ్రాంక్‌ఫర్టు నగరమువారిచ్చిన గేటే బహుమతి ధనముతో గున్స్‌బాక్‌లో ఇల్లు కట్టెను. అదియు ఆసుపత్రినుండి సెలవుపై వచ్చువారికి విడిదియయ్యెను.

ఇక 1939 నాటి సంగతి. ఆ యేడు ఫిబ్రవరిలో ఆయన విశ్రాంతికై ఫ్రాన్సునందలి బోర్డో రేవునకు వచ్చెను. అప్పటికే యుద్ధము తప్పదని ఆయనకు తోచెను. యుద్ధము వచ్చినచో సముద్రమార్గము మూసికొనును. తాను ఇవతల చిక్కినచో ఆసుపత్రికి దిక్కులేదు. తనను తెచ్చిన ఓడ తిరుగుప్రయాణమునకు సిద్ధమగునప్పటికి దానినే ఎక్కవలెనని నిశ్చయించెను. నడుమ గడువు పది పండ్రెండు దినములు మాత్రమే. ఏండ్ల తరబడి ఎదురుచూచినవారికి దక్కినది అంతమాత్రము. అందును మందులు కొనుటకు, సరకులు కూర్చుటకు పోయినది పోగా మిగిలిన దెంత! మార్చినెల తొలిదినములలో ఆయన లాంబరేనె చేరెను. సెప్టెంబరులో యుద్ధము వచ్చెను. 1948 వరకు ఆయన మరల ఐరోపా గడ్డపై అడుగిడలేదు. ఆ యేడు వచ్చినపుడే తన నలుగురు మనుమలను మొట్టమొదట చూచెను.

రామకథ విన్న తెలుగువారికి ఈ స్థితి క్రొత్త కాదు. అన్నవెంట అడవికి పోయిన లక్ష్మణుని పొగడని కవి లేడు. పదునాలుగేండ్లు ఇంట నిలిచిన ఊర్మిళను మరువనివారు తెలుగు స్త్రీలు. వారు పాడుకొను ‘ఊర్మిళాదేవి నిద్ర’ అను పాట అందుకు సాక్షి. హెలెనె ఆ ఊర్మిళవంటిదే. కాని ఈమె నిద్రింపలేదు. ఆరోగ్యము చాలకున్నను 1937, 38లలో అమెరికాలో ఉపన్యాసములిచ్చి ఆసుపత్రికి సహాయము కూర్చెను. 1941లో, యుద్ధము సాగుచుండగనే, అంగోలా మీదుగా ప్రయాణించి భర్తను చేరుకొనెను.

ష్వైట్జరును విమర్శించినవారును కలరు. ఆఫ్రికావారిని సమానులుగా గాక చిన్నవారినిగా చూచెనని వారి ఆక్షేపణ. అది త్రోసివేయదగినది కాదు. ఎంతటివాని సేవయందును లోపముండును. కాని ఆ సేవకైన వెల తానొక్కడే చెల్లింపలేదన్న సంగతియు ఆ చరిత్రలో నొక భాగమే. కరణపు లెక్కలలో జమ ఒకరి పేరను, ఖర్చు వేరొకరి పేరను వ్రాసినచో దానిని దొంగలెక్క యందురు. సేవాధర్మపు లెక్కలోను న్యాయమదియే.

1952 సంవత్సరపు నోబెల్ శాంతిబహుమతి ఆయనకు లభించెను. ఆ ధనము లాంబరేనెలో కుష్ఠురోగుల పల్లెకు వినియోగపడెను. 1965 సెప్టెంబరు 4వ తేదీన ఆయన అచటనే మరణించెను. అటుపిమ్మట ఆసుపత్రి నిర్వహణభారము వహించినదెవరు? కుమార్తె రేనా. బాల్యమున తండ్రిని అతిథిగా మాత్రమే ఎరిగిన ఆ బిడ్డ, పెద్దయైన పిదప ప్రయోగశాల పని నేర్చి లాంబరేనెకు పోయి, తండ్రిని తండ్రి పనియందే కనుగొనెను.

దూరసేవకు పోయినవారు ఇంటికి వచ్చినపుడు పూలమాల వేయుట ధర్మమే. ఆ మాలలో సగము గుమ్మమున నిలిచినవారికి చెందవలెను. ఈ మాట దూరదేశములకే పరిమితము కాదు. ఇరువదియైదేండ్లుగా సాయంకాలములు ఈ గ్రంథాలయమునకు ధారపోసినవారి యిండ్లలోను, అన్నముపై మూతపెట్టి, దీపము తగ్గించి ఎదురుచూచిన తల్లులు, ఇల్లాండ్రు కలరు. వారి పేర్లు చందాల పుస్తకమున లేవు. ఈ రజతోత్సవమున వారిని స్మరించుట ఋణము తీర్చుకొనుటలో మొదటి మెట్టు.

ఈ గ్రంథాలయము వర్ధిల్లుగాక.