పశువుల పాకలో పిడుదులు

ఆవు చెవి వెనక, పొదుగు పక్కన, తోక మొదట్లో వేళ్లతో తడిమి చూడండి. మినపగింజల్లా తగిలేవే పిడుదులు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి రాలి, గోడ పగుళ్లలో 2 నుంచి 3 వేల గుడ్లు పెడుతుంది. అందుకే పశువుకు ఒక్కదానికే మందు కొడితే సరిపోదు. పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. పేడ, చెత్త ఎత్తేయండి. పశువైద్యుడు చెప్పిన మోతాదులో పిడుదుల మందు డెల్టామెత్రిన్‌ను ఒకే రోజు పశువుల ఒంటికీ, పాక గోడలకూ పిచికారీ చేయండి. ముందే నీళ్లు తాగించండి, ఒళ్లు ఆరేదాకా నాకనివ్వకండి. మిగిలిన గుడ్ల నుంచి పిల్లలు వస్తాయి కాబట్టి 2, 3 వారాలకు మళ్లీ కొట్టాలి. జ్వరంతో పాటు మూత్రం కాఫీ రంగులో వస్తే అది పిడుదులు తెచ్చే బెబీసియా జబ్బు కావచ్చు. ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.