గుండెలో మంట: గుర్తింపు, నివారణము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము మనకు చదువు రుచి చూపినది. నేడు నేను నాలుక రుచితో ముడిపడిన యొక బాధను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

రాత్రి భుజించి పండుకొన్నంతనే రొమ్ములో మంట, గొంతులోనికి పులినీరు, పుల్లని త్రేన్పులు మనలో చాలమంది ఎరిగినవే. దీనిని మనము "గ్యాసు" అనుచున్నాము. ఇట్టి లక్షణములనే మాధవనిదానము అమ్లపిత్తమను పేర వర్ణించినది.

మ్రింగిన అన్నము సుమారు 25 సెంటీమీటర్ల ఆహారనాళము గుండ జీర్ణకోశమును చేరును. నాళము చివర కండరపు వలయమొకటి తూము తలుపువలె తెరచుకొని మూసికొనుచుండును. అది వదులైనచో ఆమ్లము పైకెక్కును. పోటు సమయమున ఉప్పునీరు మురుగుకాలువలలో ఎదురెక్కి పొలమును చౌడుచేయుట దివిసీమవారు ఎరుగుదురు. ఉప్పు సముద్రమునకు సహజము, పొలమునకు చేటు. అట్లే ఆమ్లము జీర్ణకోశమునకు అవసరము, ఆహారనాళమునకు మంట.

కావున మొదటి మందు మన అలవాట్లలోనే యున్నది. భోజనమునకును నిద్రకును 3 గంటల ఎడముండవలెను. కడుపు నిండుగా తినరాదు. పొట్ట పెరిగినవారు బరువు తగ్గవలెను. చుట్ట, బీడీ, మద్యము మానవలెను. మంచపు తలవైపు కోళ్ళక్రింద ఇటుకలుంచి 6 మొదలు 8 అంగుళములు ఎత్తుచేయుడు. దిండ్లు పేర్చినచో మెడ వంగునే గాని రొమ్ము లేవదు. ఎడమప్రక్కకు తిరిగి పండుకొనుట మేలు. ఆవకాయ, వేపుడు, కాఫీ అందరికిని పడవని కాదు. తనకు పడనిదేదో తానే కనిపెట్టి విడువవలెను.

ఒమిప్రజోల్ వంటి మాత్రలు ఆమ్లమును తగ్గించును. వానిని భోజనమునకు అరగంట ముందు వేసికొనవలెను. కాని వైద్యుని అడుగక ఏండ్ల తరబడి కొని మ్రింగుట తగదు. మ్రింగుట కష్టమైనను, బరువు కారణము లేక తగ్గినను, రక్తము వాంతియైనను, మలము నల్లబడినను ఆలస్యము చేయక పరీక్ష చేయించుకొనవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. గుండెకును ఆహారనాళమునకును చోటు దగ్గర. రెండింటి బాధయు ఒక్కతీరుగనే తోచవచ్చును. రొమ్ముపై బరువు పెట్టినట్లుండి, నొప్పి చేతికో దవడకో ప్రాకి, చెమట, ఆయాసము కలిగినచో "గ్యాసేలే" యని షోడా త్రాగుచు కూర్చుండరాదు. మధుమేహము గలవారికి నొప్పి స్పష్టముగా లేకుండనే గుండెపోటు రావచ్చును. వెంటనే 108కు కబురుచేసి ఆసుపత్రికి పోవుడు. ఇ.సి.జి. తీయించిన పిదప అది వట్టి మంటయే యని తేలినచో సంతోషింతము. పోయినది కొంత కాలము మాత్రమే. గుండెపోటును మంటయని భ్రమించినచో పోవునది ప్రాణము.

ఈ భేదమును మీ యింటిల్లిపాదికిని చెప్పుడు. చదివినది ఇరుగుపొరుగులకు పనికివచ్చిననాడే గ్రంథాలయమునకు సార్థకత.