ఏరు అంటే నీళ్ళు

(సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు కుర్చీలు వదిలేసి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి జోహార్లు. "జీవో 3 గురించి పది నిమిషాలు మాట్లాడండి మేడం" అని సంఘం వాళ్ళు అడిగారు. పది నిమిషాల్లో తేలే సంగతి కాదు. అయినా మొదలుపెడతాం.

'మేం' అంటే ఈ మన్యంలో పుట్టి, టీటీసీ చదివి, కొందరు టీచర్లుగా, కొందరు హాస్టల్ వార్డెన్లుగా స్థిరపడ్డ మా ఈడు ఆడవాళ్ళం. మాలో ఒకామె ఒకటో తరగతిలో ఉండగా దాహమేసి "ఏరు, ఏరు" అని అడిగింది. మన కోయలో ఏరంటే నీళ్ళు. తెలుగులో ఏరంటే వాగు. మైదానం నుంచి వచ్చిన మాస్టారు, పిల్ల బడి ఎగ్గొట్టి ఏటికి పోతానంటోందనుకుని గట్టిగా కోప్పడి కూర్చోబెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. మన మాట రాదు, అంతే. సోమవారం మధ్యాహ్నం దిగేవారు, శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కేవారు. వాగులు పొంగితే అదీ లేదు. బడి ఉండేది, పాఠం ఉండేది కాదు.

జీవో 3 అక్కడ పుట్టింది. అంతకుముందు 1986లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 275 తెచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అంది. దాన్ని ట్రిబ్యునల్ 1989లో కొట్టేసింది. తర్వాత 2000 జనవరి 10న జీవో నెంబరు 3 వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులవి, అందులో మూడో వంతు ఆడవాళ్ళవి. ఆ మూడో వంతు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. మా ఇళ్ళల్లో మాత్రం "ఆడపిల్లకి చదువెందుకు" అనే మాట దాని తర్వాతే తగ్గింది. 2001లో హైకోర్టు ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు జీవో చెల్లుతుందన్నారు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పుడు లాక్‌డౌన్. హాస్టల్లో పిల్లలు లేరు, ఖాళీ గదుల మధ్య కూర్చుని ఫోన్లో చదివాం. నూరు శాతం అంటే మిగిలిన వాళ్ళకి తలుపు మూసెయ్యడమేనని, 1992 ఇంద్రా సాహ్నీ తీర్పు పెట్టిన 50 శాతం హద్దు దాటకూడదని, అయిదో షెడ్యూలు కింద గవర్నరుకి ఇంత అధికారం లేదని చెప్పింది. గిరిజనులకి గిరిజనులే పాఠం చెప్పాలన్న ఆలోచననే గట్టిగా తప్పుపట్టింది. అప్పటికే చేరిన వాళ్ళ ఉద్యోగాలు మాత్రం ఉంచింది, ఇకమీదట 50 దాటవద్దని షరతు పెట్టి. రెండు రాష్ట్రాలకీ కలిపి 5 లక్షల ఖర్చులు కూడా వేసింది.

తమ్ముళ్ళూ, కోపంతో ఊగిపోయే ముందు ఆ తీర్పులో మనల్ని గుచ్చే రెండు సంగతులు ఒప్పుకుందాం.

స్థానికుడు అనిపించుకోవాలంటే 1950 జనవరి 26 నుంచి కుటుంబం అక్కడే ఉండాలని జీవో అడిగింది. మాతో టీటీసీ చదివిన ఒక ఎస్సీ అమ్మాయి ఇక్కడే పుట్టింది. కోయ మనలాగే మాట్లాడుతుంది. వాళ్ళ నాన్న మన ఊళ్ళో చెప్పులు కుట్టేవాడు. ఆమెకి ఈ ఏజెన్సీ బడుల్లో ఒక్క పోస్టూ లేదు. కొండ దిగి ఎక్కడో ప్రైవేటు బడిలో చేరింది. ఆమె ఎదురైతే మేం జీవో మాట ఎత్తం.

రెండోది ఇంకా కష్టం. మాస్టార్లు బడికి రావడం లేదనే కదా ఈ జీవో కావాలన్నాం? ఉద్యోగం వచ్చాక మన వాళ్ళలోనూ కొందరు పట్నంలో ఇల్లు కట్టుకుని, బండి మీద పదకొండింటికి వస్తున్నారు. ఎవరో మీకూ తెలుసు, మాకూ తెలుసు. మన చుట్టాలని ఊరుకుంటున్నాం.

అయినా మా మాట మారదు. ఆ తీర్పు నూరు వద్దంది. ఆరే ఇమ్మని ఎక్కడా చెప్పలేదు. కానీ ఆంధ్రలో ఏజెన్సీ పోస్టుకి కూడా ఇప్పుడు మనకి మిగిలేది జిల్లా మొత్తానికి వేసే 6 శాతం లెక్కే. అవతల తెలంగాణలో 2022లో 10 చేశారు. 2014లో మా మండలం ఊరు కదలకుండానే రాష్ట్రం మారింది. మా పెదనాన్న పిల్లలు భద్రాచలంలో పదిలో ఉన్నారు, మా పిల్లలు ఆరులో ఉన్నారు. ఒకే తాత మనవలు! ఎస్సీ 15, బీసీ 29, ఎస్టీ 6 కలిపితే 50 నిండిపోయింది, చోటెక్కడ అంటారు. రాష్ట్రమంతటికీ ఆ లెక్క సరే. ఊళ్ళో పదిళ్ళకి తొమ్మిది మనవే అయిన చోట, ఆ 50 లోపలే వాటాలు వేరుగా వెయ్యకూడదా? అడగాల్సిన ప్రశ్న ఇది. "జీవో 3 తిరిగి తేవాలి" అని బ్యానరు కట్టడం తేలిక. రేపు అదే నూరుతో మళ్ళీ తెస్తే కోర్టు మళ్ళీ కొట్టేస్తుంది, మధ్యలో మీ వయసు దాటిపోతుంది.

ఇంకో దేశం సంగతి ఒకటి. అమెరికాలో అక్కడి ఆదిమ తెగల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ ఒకటుంది. ఆ శాఖ ఉద్యోగాల్లో తెగల వాళ్ళకే ముందు చోటివ్వాలని 1934లో చట్టం చేశారు. ఇది జాతి వివక్ష అని ఆ శాఖలోని ఇతర ఉద్యోగులు కోర్టుకెళ్ళారు. 1974లో అక్కడి సుప్రీంకోర్టు ఒక్క గొంతుతో కాదంది. ఇది రంగును, పుట్టుకను చూసి ఇచ్చింది కాదు, తమ పాలన తాము చూసుకునే ఒక జనసమూహానికి ఇచ్చింది అంది. అదే కోర్టు 2023లో కాలేజీ సీట్లలో జాతిని లెక్కలోకి తీసుకోవద్దని తీర్పిచ్చింది. 2025 జనవరిలో ప్రభుత్వ కాంట్రాక్టు కంపెనీల నియామకాలకి సంబంధించి 1965 నాటి ఉత్తర్వునూ అధ్యక్షుడు తీసేశాడు. అక్కడి చట్టం, ఇక్కడి చట్టం ఒకటి కాదు, ఆ తీర్పు పట్టుకెళ్ళి ఇక్కడ చూపిస్తే పని జరగదు. మేం చెప్పేది వాదన సంగతి. మనం వెనకబడ్డాం, దయచూడండి అని మాత్రమే అడిగితే శాతాల బేరం దగ్గరే ఆగిపోతాం. ఇది అయిదో షెడ్యూలు నేల, పిల్ల దాహం బడికి అర్థం కావాలి అని అడగడం వేరు. మన పక్షాన ఆ రెండో వాదన సరిగ్గా నిలబడలేదని మాకనిపిస్తుంది.

కిందటి నెల మా హాస్టల్లో చదివి డీఎడ్ పూర్తి చేసిన అమ్మాయి వచ్చింది. ఇంటిల్లిపాదీ తునికాకు కోసి చదివించారు. "చదువుకో, మన బడి మనకే అన్నారు కదా మేడం" అంది. మేం అన్నమాట నిజమే. తల దించుకుని అన్నం వడ్డించాం.

ఆ అమ్మాయిని ఊరికే పంపలేదు. ఆదివారాలు మా హాస్టల్ భోజనాల గదిలో డీఎస్సీ పాఠాలు మొదలుపెట్టాం. లెక్కలు, మనస్తత్వశాస్త్రం మేం చెబుతాం. ఇప్పటికి పదకొండు మంది వస్తున్నారు. కోయ మాటలతో ఒకటో తరగతికి పదాల పట్టిక రాయడం కూడా మొదలైంది. మొదటి మాట ఏరు. రెండో దాని మీద రెండు ఊళ్ళ వాళ్ళు పోట్లాడుకుంటున్నారు, ఎవరి పలుకుబడి వాళ్ళది. గోడకి ఆనుకున్న వాళ్ళలో ఎవరికైనా వీలుంటే ఎనిమిదింటికల్లా రండి. టిఫిను ఉండదు, టీ ఉంటుంది.